బొద్దక్షరముల యౌచిత్యము

వార్షికోత్సవము సమీపించినదన్న పాఠశాల గోడలకు ప్రకటనపత్రముల కొదవ యుండదు. ఇంగ్లీషు శీర్షికలకు మన బాలురు మక్కువతో నెన్నుకొను అచ్చక్షరములలో కూపర్ బ్లాక్ అనునది యొకటి. అందలి యక్షరములు మూకుడులో పొంగిన బూరెలవలె లావుగా, గుండ్రముగా నుండును. పెద్దలు కొందఱు దీనిని పిల్లచేష్టయని నిరసించుచున్నారు. నా యభిప్రాయము వేఱు. దోషము అక్షరమునందు లేదు. చోటెఱుగని వాడుకయందు గలదు.

అమెరికాలోని చికాగో నగరమున ఆస్వాల్డ్ కూపర్ అను శిల్పి దీనిని గీయగా, అక్షరములు పోతపోయు బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ సంస్థవారు 1922లో విడుదల చేసిరి. వ్యాపారప్రకటనలకు ఇది మిక్కిలి యుపకరించెను. 1966లో బీచ్ బాయ్స్ అను గాయకబృందము వెలువరించిన పెట్ సౌండ్స్ రికార్డు అట్టమీదను ఇదియే కనబడును. గీతలు దళసరియగుటచే దూరమునుండియు కంటబడును. కొసలు మొనదేలక యుండుటచే చనువుగా పలుకరించును. కావున క్రీడోత్సవము, హాస్యనాటకము, మిఠాయిపొట్లము, బాలల పుస్తకపు అట్ట దీనికి దగిన స్థానములు. అచ్చటను రెండుమూడు మాటలకే చాలును. పుటయంతయు దీనితో నింపినచో అక్షరముల లోపలి ఖాళీలు చాలక కన్ను అలసిపోవును.

తెలుగక్షరములను లావు చేయునపుడు మఱింత మెలకువ వలయును. దకారమునకును ధకారమునకును గల భేదము అడుగునగల చిన్న గీత మాత్రమే. లావెక్కిన గీతలలో అది మునిగిపోయినచో ప్రధానోపాధ్యాయులు కాస్త ‘ప్రదానోపాద్యాయులు’ అగుదురు! బహుమతి ప్రదానము నాడు ఇది నవ్వులకు చాలును గాని గౌరవమునకు చాలదు.

నవ్వరాని సంగతియు నొకటి గలదు. ఒకచోట దివంగతులైన వృద్ధోపాధ్యాయుని సంతాపసభకు వేసిన ప్రకటనపత్రమును చూచితిని. వారి పేరు ఈ బొద్దక్షరములలో, ఎఱుపు పసుపు రంగులతో, తిరునాళ్ల పత్రమువలె వెలుగుచుండెను. వారి కుమార్తె దానియెదుట క్షణకాలము నిలిచి, మాటాడక తల వంచుకొని వెడలిపోయెను. ఆ పత్రము వేసిన బాలుని మనస్సు మంచిదే. గురువుగారి పేరు అందఱకును కనబడవలెనని యతడు తలచెను. కాని మాటల యర్థము తెలియుటకు ముందే అక్షరపు రూపు తన స్వరమును వినిపించును. పెండ్లి సన్నాయి పాడెముందు మ్రోగరాదు గదా!

ఇట్టి పొరపాట్లు చూచి, పాఠశాలలో సాదాయక్షరమొక్కటియే వాడవలెనని కొందఱనుచున్నారు. అది సరికాదు. నవ్వుట తప్పు కాదు. నవ్వవలసిన వేళ నెఱుగుటయే విద్య. కావున బాలురారా, పత్రము వ్రాయబూనునపుడు ఏ యక్షరము ముద్దుగా నున్నదని మొదట చూడకుడు. దీనిని ఎవరు చదువుదురు, ఏ మనస్సుతో చదువుదురు అని తలచుడు. అటుపిమ్మట అక్షరమును ఎన్నుకొనుడు.