ఇంటి చదువు: లెక్కకు అందని పిల్లలు



బడికి పంపకుండా ఇంట్లోనే చదివించిన పిల్లలు పై చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ తోటివారిని మించిపోతారన్న అభిప్రాయం ఈ మధ్య వ్యాసాల్లో తిరుగులేని నిజంగా చెలామణి అవుతోంది. దీనికి ఆధారంగా చూపే లెక్కలు దాదాపు అన్నీ అమెరికావే. వాటిని ఎవరి నుంచి సేకరించారని అడిగేవారు లేకపోవడంతో, తెలుగు రాష్ట్రాల్లో ఈ దారి పట్టదలచిన తల్లిదండ్రులకు అసలు చిక్కు ఎక్కడుందో తెలియకుండా పోతోంది.

తరచూ ఉదహరించే అధ్యయనం లారెన్స్ రడ్నర్ అనే పరిశోధకుడు 1998లో చేసి మరుసటి ఏడాది ప్రచురించినది. అందులోని 20,760 మంది ఇంటి చదువు విద్యార్థులు జాతీయ సగటు కంటే ఎంతో మెరుగైన మార్కులు తెచ్చుకున్న మాట వాస్తవమే. అయితే వారంతా ఒకే పరీక్షా సంస్థ సేవలను వాడుకుంటూ, అధ్యయనంలో చేరడానికి తమంతట తాము ఒప్పుకున్న కుటుంబాల పిల్లలు. వారి తల్లిదండ్రుల్లో అత్యధికులు శ్వేతజాతీయులు, సగటు అమెరికన్ల కంటే ఎక్కువ చదువుకున్నవారు. ఇలా ఇష్టపడి ముందుకొచ్చిన వారినే లెక్కించడం వల్ల ఫలితం ఒకవైపు ఒరిగిపోవడాన్ని స్వీయ ఎంపిక దోషం అంటారు. ఇంట్లో చదువు సాగక చేతులెత్తేసిన తండ్రి ఇటువంటి సర్వేకు ఓపిగ్గా జవాబు రాసి పంపడు కదా! ఇంటి చదువు బడి చదువు కంటే మేలని తన అధ్యయనం నిరూపించడం లేదని రడ్నరే రాసినా, ఆ మాట మాత్రం ప్రచారానికి నోచుకోలేదు.

పెద్దయ్యాక ఏమయ్యారన్న ప్రశ్నకూ ఇదే తంటా. మైకేల్ కోగన్ అనే పరిశోధకుడు 2010లో ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో పరిశీలించినప్పుడు ఇంట్లో చదివి వచ్చిన విద్యార్థుల తొలి ఏడాది గ్రేడ్ సగటు 4కు 3.41గా, మొత్తం విద్యార్థులది 3.12గా తేలింది, అయితే ఆ గడప దాకా రాలేకపోయినవారు ఆ పట్టికలో ఉండరు. యాదృచ్ఛికంగా ఎంచిన వయోజనులను ప్రశ్నించిన కార్డస్ అనే సంస్థ 2011 నాటి సర్వేలో, మతనిష్ఠగల కుటుంబాల్లో ఇంటి చదువు చదివినవారు ఉన్నత విద్యలో వెనకబడినట్టు కనిపించింది. అదే ఏడాది కెనడాలో వెలువడిన మరో అధ్యయనం చిన్నదే అయినా ఆలోచింపజేసేది. పాఠ్యప్రణాళిక పెట్టుకుని చదివించిన ఇళ్ల పిల్లలు బడి పిల్లల కంటే ముందుండగా, పిల్లవాడికి తోచిందే చదువు అనుకునే 'అన్‌స్కూలింగ్' పద్ధతిలో పెరిగినవారు ఆ రెండు వర్గాల కంటే వెనకబడ్డారు. ఇంటి చదువు అన్న ఒక్క పేరు కింద ఇంత తేడాగల పద్ధతులను కలిపి, సగటు తీసి, తీర్పు చెప్పడం శాస్త్రమనిపించుకోదు.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ పిల్లల భవిష్యత్తును తెలివితేటల కంటే ముందు ధ్రువపత్రం తేలుస్తుంది. బడి వదిలి ఇంట్లో చదువుకున్న ఒక ముంబయి అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు గెలిచి, 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకుంది గానీ, పన్నెండో తరగతి పత్రం లేనందున ఐఐటీల ప్రవేశ పరీక్షకు ఆమెకు అర్హతే లేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది, చేర్పించకపోతే శిక్ష ఏమిటో చెప్పదు, ఇంటి చదువు ఊసు అసలే ఎత్తదు.

ధ్రువపత్రం సంపాదించడానికి మిగిలిన దారి సార్వత్రిక విద్య, అంటే తరగతికి వెళ్లకుండా పరీక్ష రాసే ఓపెన్ స్కూల్. జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థలో 14 ఏళ్లు నిండినవారు అంతకుముందు బడి ముఖం చూడకపోయినా పదో తరగతికి కూర్చోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. ఆ పత్రానికి చట్టబద్ధమైన విలువ ఉన్నా మర్యాద మాత్రం తక్కువే. 2018లో భారత వైద్య మండలి ఓపెన్ స్కూల్ అభ్యర్థులను వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు అనర్హులను చేయగా, ఆ నిబంధనను అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి స్థానికత తోడవుతుంది. ఉద్యోగాల్లో లోకల్, నాన్ లోకల్ తేల్చడానికి 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ప్రధానంగా చూసింది. ఏ విద్యాసంస్థలోనూ చదవనివారికి నివాసాన్ని ప్రాతిపదికగా తీసుకొమ్మనీ అందులోనే ఉంది. అంటే బడి పిల్లవాడు తరగతుల వారీ స్టడీ సర్టిఫికెట్లు జతచేసే చోట, ఇంట్లో చదివినవాడు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగ ప్రకటన వచ్చాక పాత కరెంటు బిల్లులూ రేషన్ కార్డులూ వెతికి, పదేళ్ల కిందటి నివాసాన్ని రుజువు చేసుకోవడం ఎంత పనో ఆ కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి తెలుసు.

ఇంతకీ ఇలా చదివినవారు ఇక్కడ ఎందరున్నారో, ఏమయ్యారో చెప్పే లెక్కకు చోటే లేదు. బడుల గణాంకాల్లో వీరు కనిపించరు, బడిబయటి పిల్లల సర్వేలో కనిపిస్తే చదువు మానేసినవారిగా నమోదవుతారు, ఓపెన్ స్కూల్ జాబితాలో పనికి పోతూ పరీక్ష రాసే కుర్రవాడితో కలిసిపోతారు. ఓపెన్ స్కూల్ దరఖాస్తులో 'ఇంటి వద్ద చదువు' అన్న గడి ఒకటి చేర్చి, ఏటా ఆ వివరాలు ప్రకటించడం రెండు సొసైటీలకూ పెద్ద ఖర్చయ్యే పని కాదు. అది జరిగేలోగా ఈ మార్గం ఎంచుకున్న తల్లిదండ్రులు అమెరికా సగటులను నమ్ముకుని కూర్చోకుండా, పద్నాలుగేళ్లకు పదో తరగతి, ఆపై ఇంటర్ రాయించి, నివాసపు ఆధారాలను ఏ ఏటికా ఏడు భద్రపరచుకోవడం అవసరం.

ఇట్లు,
ఒక పాఠకుడు