నిప్పు ఉమ్మడి, సుత్తి సొంతం

ఒక్క కొడవలిని సాగగొట్టి పదును పెట్టాలన్నా కొలిమి మొత్తం రాజేయాల్సిందే. బొగ్గు అంటుకుని, గాలి తగిలి, నిప్పు నడిగుండె పసుపుపచ్చగా మారేదాకా ఇనుము అందులో పెట్టి లాభం లేదు. అంతవరకు కాలిపోయే బొగ్గు ఒక్క కొడవలి వచ్చినా అంతే, ముప్పై వచ్చినా అంతే. వడ్రంగికి ఈ బాధ లేదు. మంచం కోడు ఒక్కటే చెక్కాలన్నా బాడిస పట్టుకుని కూర్చుంటాడు, పనయ్యాక లేస్తాడు. కొలిమి అలా కాదు, దానికి పని గుంపుగా రావాలి. నాగళ్లు ఉన్నన్నాళ్లు వచ్చేది. ఏరువాకకు ముందు ఊరి కర్రులన్నీ కమ్మరి గుమ్మం ముందు వరసగా పడేవి, కోతల ముందు కొడవళ్లు పడేవి. ట్రాక్టరు వచ్చాక కర్రు పోయింది, వరికోత మిషన్ వచ్చాక కొడవలి పనీ చిక్కిపోయింది. మిగిలిన చిల్లర పనికి రోజూ కొలిమి రాజేస్తే బొగ్గు ఖర్చే గిట్టదు, రాజేయకపోతే వచ్చే ఆ నలుగురూ రావడం మానేస్తారు. ఇంటి కొలిమి బతకాలంటే అది ఒక్క ఇంటి కొలిమిగా మిగలకూడదు, నాలుగైదు ఇళ్లవాళ్లు వంతులు వేసుకుని వాడుకునేదిగా మారాలి. సర్కారు సాయం కూడా ఆ వైపే నడవాలి.

ఇప్పుడు నడుస్తున్నది ఏ వైపో చూద్దాం. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి రోజున మొదలైంది. మొత్తం 13,000 కోట్ల రూపాయలు, 18 వృత్తులు, అందులో కమ్మరం ఒకటి. పనిముట్ల కోసం 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో దినానికి 500 రూపాయలు, తాకట్టు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు, వడ్డీ 5 శాతం. కాదనాల్సిందేమీ లేదు, మంచిదే. అయితే ఇదంతా ఒక్కొక్కరి పేరిట విడివిడిగా వచ్చేది. ఒకే మండలంలో నలుగురు కమ్మరులుంటే నాలుగు కిట్లు వస్తాయి, నలుగురికీ అవసరమైన పవర్ హామర్ మాత్రం ఎవరి వాకిట్లోకీ రాదు. పైగా కుటుంబానికి ఒక్కరికే లబ్ధి. కొలిమి పని ఎప్పుడూ ఇద్దరిది. ఒకరు పట్టకారుతో ఇనుము తిప్పుతూ చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో చూపిస్తే, రెండోవారు అక్కడ సమ్మెట వేస్తారు. ఎన్నో ఇళ్లలో ఆ సమ్మెట వేసేది, తిత్తి లాగేది ఇల్లాలే. భర్త పేరు జాబితాలో ఉంటే ఆమె లెక్కలోకి రాదు. ఇంకోవైపు 2005లో మొదలైన స్ఫూర్తి పథకం ఉంది. అది ఐదువందల మంది దాకా వృత్తిదారులను ఒక గుంపుగా కట్టి రెండున్నర కోట్ల దాకా ఇచ్చే లెక్క. పదిహేను వేలు ఒక ఒడ్డు, రెండున్నర కోట్లు ఇంకో ఒడ్డు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక రేకుల షెడ్డు, ఒక మంచి యంత్రం పెట్టుకుంటామంటే వాళ్ల కొలతకు సరిపడేది ఈ రెండిట్లోనూ లేదు.

అంత షెడ్డుకు పెద్ద హంగులు అక్కర్లేదు. పన్నెండడుగులకు పదిహేను ఉన్నా సరిపోతుంది. పైకప్పు ఎత్తుగా ఉండాలి, రెండు వైపులా గాలి ఆడాలి, కొలిమి ఉన్న మూల మాత్రం చీకటిగా ఉండాలి. పాత కొలిముల్లో చీకటి బీదతనం వల్ల వచ్చిందని చూసేవాళ్లు అనుకుంటారు గానీ అది పనికోసం పెట్టుకున్నది. ఇనుము ఎంత కాగిందో చెప్పేది దాని రంగే, ఎండలో ఆ రంగు కనపడదు. నేల మట్టిదైతేనే మేలు, కాలిన ఇనుము పడితే సిమెంటు గచ్చు పెచ్చులుగా లేచి ముఖాన కొడుతుంది. దాగలి కొనలేనివాళ్లు రైలు పట్టా ముక్క వాడతారు. మీటరుకు 60 కిలోల పట్టాలో అడుగు ముక్క 18 కిలోలు తూగుతుంది. దాన్ని పడుకోబెట్టడం కంటే మొద్దులో నిలువుగా దిగ్గొడితే దెబ్బ కింద బరువంతా ఉంటుంది. చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే కణుపులు తగిలేంత ఎత్తులో ఉంటే నడుము నిలుస్తుంది. ఒక్క మాట: ఆ ముక్క రశీదుతో కొన్నదై ఉండాలి. రైల్వే సొత్తును అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం, నలుగురు వచ్చిపోయే షెడ్డులో ఆ తలనొప్పి అసలే వద్దు. ఇక బొగ్గుకు వెతుక్కోనక్కర్లేదు, పొలం గట్ల మీద పెరికినకొద్దీ మొలిచే సర్కారు తుమ్మ మంచి బొగ్గవుతుంది.

బజారులో చవగ్గా దొరుకుతుంటే ఇదంతా ఎవరికోసం అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. వంటింటి కత్తికి, మామూలు పారకు బజారే చాలు, అక్కడ కొలిమి పోటీ పడలేదు, పడకూడదు కూడా. కమ్మరి వీధిలో సూదులు అమ్మకూడదని సామెత. ఇప్పుడు బజారులో కమ్మరి పారలు అమ్మబోవడమూ అలాంటిదే. కానీ కల్లుగీత కత్తి గీసేవాడి చేతికి కుదరాలి. రాళ్లు కొట్టేవాళ్ల ఉలులు, శానాలు రోజూ మొండిబారతాయి, రోజుకో కొత్తది కొనలేరు. అరిగిన గడ్డపార సంగతే తీసుకోండి. మొనవైపు నాలుగంగుళాలు మాత్రమే కొలిమిలో పెట్టి నారింజ రంగు వచ్చేదాకా ఊదుతారు. దాగలి మీద నాలుగు పక్కలా తిప్పుతూ సాగగొడతారు, రంగు ముదురు ఎరుపుకు దిగగానే సుత్తి ఆపి మళ్లీ కొలిమిలో పెడతారు. మొండిగా ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే లోపల చీలిక పడుతుంది. మొన తీరయ్యాక మరోసారి ఎర్రగా కాల్చి, కొస ఒక్కటే నీళ్లలో ముంచి తీసి, ఇటుక ముక్కతో గబగబా రుద్దుతారు. మెరిసిన చోట, వెనక మిగిలిన వేడి మెల్లగా మొనకు పాకుతుంటే మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం నడుచుకుంటూ వస్తాయి. కావలసిన రంగు కొసకు చేరిన క్షణంలో మొత్తం ముంచాలి. ముందు ముంచితే రాయి తగలగానే విరుగుతుంది, ఆలస్యమైతే వంగుతుంది. ఈ పని బజారులో దొరకదు, కిట్టులో రాదు. పక్కన నిలబడి చూసి, పది మొనలు పాడు చేసుకుని నేర్చుకోవాల్సింది. పాడు చేసుకునే ఆ చోటే ఇప్పుడు కరువైంది.

అందరి సొత్తు ఎవరికీ పట్టదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే, సంఘాల పేరిట కొన్న యంత్రాలు తుప్పు పట్టిన ఊళ్లు ఎన్ని లేవు! అందుకే నేను సంఘం కొలిమి అడగడం లేదు, ఇంటి కొలిమినే పంచుకోమంటున్నాను. షెడ్డు ఒకరి వాకిట్లో, ఒకరి పెత్తనంలో ఉండాలి. నిప్పు, దాగలి, పవర్ హామర్ ఉమ్మడి. సుత్తి, పట్టకారు ఎవరివి వాళ్లవి, ఎందుకంటే చేతికి అలవాటైన కామ పరాయి చేతిలో పాడవుతుంది. వారంలో ఏ రోజు కొలిమి రాజేస్తారో ముందే చెప్పాలి, అంగడికి ముందురోజైతే మరీ మంచిది. బొగ్గు ఎవరు వాడింది వాళ్లు తూకం వేసి తెచ్చి పోయాలి. ఇందులో మనకు తెలియనిదేమీ లేదు. కర్రు తెచ్చిన రైతే తిత్తి లాగి, సమ్మెట వేసి, పంటకాలంలో కల్లం దగ్గర మేర కొలిచిన ఊళ్లు మనవి. అలాగని ఆ రోజులను మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. మేర ఎంతో తేల్చేది కొలిచేవాడే గానీ కొట్టినవాడు కాదు. అందుకే ఈసారి రేటు షెడ్డు గోడ మీద రాసి ఉండాలి, దాన్ని రాసేది కమ్మరి అయి ఉండాలి.

కొలిమి తలుపులు అందరికీ తీస్తే కులవృత్తివాళ్ల నోటి దగ్గర కూడు పోతుందన్న మాటను మాత్రం తేలిగ్గా తీసేయలేం. తరాలుగా నిప్పు దగ్గర కాలిన చేతులవి, ఆ విద్యను ఇంకెవరో సరదాగా నేర్చుకుని లాభపడితే కడుపు మండదా? మండుతుంది. కానీ కమ్మరి కూడు లాక్కున్నది పక్కింటి కుర్రాడు కాదు. గేట్లు, గ్రిల్స్ రోడ్డు మీది వెల్డింగ్ షాపుకు ఏనాడో వెళ్లిపోయాయి, అక్కడ అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. కొడవలి ఫ్యాక్టరీకి వెళ్లింది. కమ్మరి దగ్గర మిగిలింది ఇందాక చెప్పిన ఆ రంగు చూసే కన్ను. దాన్ని సొంత కొడుకులే నేర్చుకోవడం లేదు, తప్పు పట్టడానికీ లేదు, అందులో వాళ్లకు కనిపించిన బతుకు అలాంటిది. నేర్పినందుకు జీతం, కొలిమి వాడుకున్నందుకు అద్దె వస్తే ఆ కన్నుకే ధర కట్టినట్టు. పథకం నిబంధనలు కూడా చేసే పనినే చూస్తాయి, కులాన్ని కాదు. హైదరాబాద్‌లో 2023లో మొదలైన టీ-వర్క్స్‌లో, సొంతంగా యంత్రాలు కొనలేని ఇంజినీర్లు అక్కడి యంత్రాలను వాడుకుని నమూనాలు చేసుకుంటున్నారు. అది తప్పని ఎవరూ అనలేదు. ఇంజినీరుకు ఒప్పిన సూత్రం కమ్మరికి ఒప్పదా? (ఈ పాటికి ఎవరో ఒకరు కోనసముద్రం ఉక్కు, పర్షియా వర్తకులు, డమాస్కస్ కత్తులు ఎత్తుకుంటారని తెలుసు. గొప్ప చరిత్రే. దానితో ఈ ఏటి గడ్డపారకు మొన రాదు.)

ప్రమాదం మాటేమిటంటారా? ఉంది. కొలిమిలో కాళ్లూ చేతులూ కాల్చేది ఎర్రటి ఇనుము కాదు, చల్లారినట్టు నల్లగా కనిపిస్తూ ఇంకా నాలుగువందల డిగ్రీల వేడి మీదున్న ఇనుము. కొత్తగా వచ్చినవాడికి మొదట నేర్పాల్సింది ఏ ముక్కనైనా అరచేతి వెనకభాగం దగ్గరగా పెట్టి వేడి చూసుకున్నాకే ముట్టుకోవడం. జీఐ పైపు, జీఐ రేకు కొలిమిలో పెట్టకూడదు. జింకు పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం ఖాయం. రెండు చివరలూ మూసిన పైపు కాల్చితే బాంబే. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాల్చకూడదన్నది పట్నంలో కారు షెడ్డులో కొలిమి పెట్టాలని ముచ్చటపడేవాళ్లకు మరీ ముఖ్యం. విషవాయువుకు వాసన ఉండదు. చప్పుడుకు ఇరుగుపొరుగు విసుక్కోవడమూ న్యాయమే, కాబట్టి దాగలి మొద్దును ఇసుక పెట్టెలో నిలబెట్టి, పొద్దుగూకాక సుత్తి ఎత్తకూడదన్న కట్టుబాటు ఉండాలి. అయితే ఈ జాగ్రత్తలన్నీ నలుగురున్న చోటే నిలుస్తాయి. ఒంటరిగా పనిచేసే ముసలి కమ్మరి కంట్లో చిట్టెం రవ్వ పడితే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పక్కన మనిషి ఉండడు.

కాబట్టి పరిశ్రమల శాఖను అడిగేది ఒక్కటే. కిట్టు డబ్బు నలుగురు కలిపి తీసుకుంటామంటే తీసుకోనివ్వండి. లక్ష అప్పు నాలుగు సంతకాల మీద నాలుగు లక్షలుగా ఒకే షెడ్డుకు, ఒకే పవర్ హామర్‌కు ఇవ్వండి, సమ్మెట వేసే ఇల్లాలి సంతకాన్నీ ఒక సంతకంగా లెక్కపెట్టండి. దరఖాస్తులో నాలుగు పేర్లకు చోటు పెట్టడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఈ పథకం గడువు 2027-28తో ముగుస్తుంది.