నది యెవరిది?

దేశాటనము బుద్ధిని విశాలము చేయునని పెద్దలు చెప్పుదురు. మేము కాదనము. కాని చూచుట వేరు, తెలిసికొనుట వేరు. ఈ భేద మెరుగని యాత్రికుడు ఎంతదూరము పోయినను తన యింటి గుమ్మము దాటనివాడే.

ఫిన్లండు దేశపు ఉత్తరపుకొనయందు, తేనో నదీతీరమున, ఉట్స్యోకి యను చిన్న యూరు కలదు. నదికి ఆవలియొడ్డు నార్వే. వేసవిలో రెండు నెలలకు పైగా అచ్చట సూర్యు డస్తమింపడు. నడిశీతకాలమున వారములకొలది ఉదయింపడు. సాల్మన్ చేపకు ఈ నది ప్రసిద్ధము. 1928లో నార్వేవైపున గాలమునకు చిక్కిన సాల్మన్ ఒకటి సుమారు 36 కిలోలు తూగెను. పోయివచ్చినవారు నడిరేయి యెండను, నీటి నిశ్శబ్దమును, చేప పెనుగులాటను వర్ణింతురు. చదువరులకు అది యెవరికిని చెందని ప్రకృతి యనియే తోచును.

అది యబద్ధము. ఆ నదిని దెఆత్ను అని పిలుచుకొను సామీలు, 1751లో రాజులు దానిని సరిహద్దుగా గీయుటకు పూర్వమే అందు చేపలు పట్టుచుండిరి. నీటికడ్డముగా గుంజలు నాటి దడి కట్టుట, ప్రవాహముతో సాగిపోవు వలను పడవనుండి విడుచుట, ఇవి వారి విద్యలు. ఇవి పుస్తకములలో దొరకవు. పడవలో తండ్రిప్రక్కన కూర్చుండిన పిల్లవానికే పట్టుబడును.

2017లో రెండు ప్రభుత్వములును క్రొత్త యొడంబడిక చేసికొని వలవేటను మిక్కిలి తగ్గించినవి. తమ మాట వినలేదని సామీలు మొరపెట్టిరి. ఆ వేసవిలోనే కొందరు నదిలోని యొక లంకలో నిలిచి, సర్కారు లైసెన్సు చాలదు, స్థానిక కుటుంబముల యనుమతి పొందుడని యాత్రికులకు చాటిరి.

చేపలు తరిగిపోవుచుండగా వేట నాపవలదా యని కొందరందురు. తరిగినమాట నిజమే. 2021లో సాల్మన్ వేట పూర్తిగా నిషేధింపబడి, తరువాతి వేసవులలోను అట్లే కొనసాగినది. చేప లేనిచో వలయు లేదు; కావున రక్షణమునకు మేము విరోధులము కాము. కాని సముద్రమునకు పోయి బ్రతికి తిరిగివచ్చు సాల్మన్ తగ్గుటయు, పూర్వము రష్యావారు తమ ఉత్తరపు నదులలో విడిచిన గులాబి సాల్మన్ నేడు బేసి సంవత్సరములలో గుంపులుగా చొరబడుటయు సామీల వలలు చేసిన పనులా? గాలము వేయు విలాసయాత్రికుడు పోగొట్టుకొనునది యొక సెలవుదినము. సామీ పిల్లవాడు పోగొట్టుకొనునది యొక విద్య, దానితోకూడిన మాటలు. ఈ రెండు నష్టములను ఒకే త్రాసున తూచుట సమత్వము కాదు.

ఇది మా యొక్కరి యభిప్రాయమే కాదు. ఉట్స్యోకి ప్రాంతపు ఉపనదులలో నిబంధనలు మీరి చేపలు పట్టిరను నేరము మోపబడిన సామీలను ఫిన్లండు అత్యున్నత న్యాయస్థానము 2022లో నిర్దోషులని తేల్చెను. తమ సంస్కృతిని నిలుపుకొను హక్కు వారికి రాజ్యాంగసిద్ధమనియు, దాని ముందు ఆ నిబంధనలు నిలువవనియు తీర్పు చెప్పెను.

కావున మా పాఠకులలో నెవరైన నచ్చటికి పోదలచిన తప్పక పోవుడు. నడిరేయి యెండను చూడుడు. అయితే ఇంటివారి నడుగక పెరటిలో కాయనైన కోయని మనము, ఏరు యెవరిదో యడుగక గాల మెట్లు వేయగలము?