కూరకు సరే... మందుకో?

ఆకు రాల్చి బోసిపోయిన చెట్లు మళ్లీ పచ్చబడే రోజుల్లో పల్లె వంటింటికి సంతతో పెద్దగా పని ఉండేది కాదు. వేప పూస్తుంది. చింత చిగురిస్తుంది. అడవిలో ఇప్ప రాలుతుంది. కాస్త తడి ఉన్న గట్టు మీద గంగవాయిలి పాకుతుంది. విత్తింది లేదు, నీళ్లు పెట్టింది లేదు. కోసుకునే ఓపిక ఉంటే చాలు. వీటి చుట్టూ వంటా ఉంది, ఇంటి వైద్యమూ ఉంది. రెండూ ఒకటే అనుకోవడంతోనే వస్తుంది చిక్కంతా.

ఉగాది ఒక్కరోజేనా?

పండగనాడు పచ్చడిలో చిటికెడు వేపపువ్వు వేసుకుని, మర్నాటి నుంచి ఆ చెట్టు వంక చూడని ఇళ్లే ఎక్కువ. నిజానికి పూత ఇంకొన్ని వారాలుంటుంది. పొద్దున్నే చెట్టు కింద పాత చీర పరిస్తే రాలిన పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. ఏరి, ఎండబెట్టి, సీసాలో పోస్తే ఏడాదంతా ఉంటుంది. నేతిలో దోరగా వేయించి మొదటి ముద్దలో కలుపుకోవచ్చు, చారులో వేసుకోవచ్చు.

చింతచిగురుకు ఇంత ప్రచారం అక్కర్లేదు. అరచేతుల్లో నలిపి, ఈనెలు తీసి పప్పులో వేస్తే చింతపండు పని ఉండదు. మాంసంలో వేసినా, రొయ్యల్లో వేసినా దాని రుచి దానిదే. పట్నం మార్కెట్లో కిలో ధర కోడిమాంసాన్ని దాటిన రోజులూ ఉన్నాయి. ధర చూసి నోరెళ్లబెట్టేవాళ్లు ఒక్క సంగతి తలుచుకోవాలి. లేత చిగురు కొమ్మల చివరన ఉంటుంది. దాన్ని కోసేవాళ్లు ప్రాణాలకు తెగించే చెట్టెక్కుతారు.

ఆదిలాబాద్ అడవుల్లో గోండులకు మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపువ్వు కాలం. తెల్లవారుజామున రాలిన పువ్వును ఎండ ఎక్కకముందే ఏరుకుంటారు. ఇప్పసారా గురించి అందరికీ తెలుసు. అయితే అది అన్నం దొరకని రోజుల్లో కడుపు నింపిన పువ్వు కూడా. తీపి ఎక్కువ కాబట్టి ఎండితే కిస్‌మిస్‌లా నిలవుంటుంది. ఉట్నూరులో ఇప్పుడు దానితో లడ్డూలూ చేస్తున్నారు. ఏరడం సులువవుతుందని చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు మాత్రం అడవినే కాల్చేస్తోంది. చెట్టు కింద వల కడితే ఆ అవసరం ఉండదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ పువ్వు మీద హక్కును అడవిబిడ్డలకే ఇచ్చింది. అడవే కాలిపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ఆకు నుంచి మాత్ర దాకా

ఆకుకూరలో మందు లేదా అంటే, ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో పాలకూర నుంచి వేరుచేశారు. లాటిన్‌లో ఆకును ‘ఫోలియం’ అంటారు, ఆ పేరు అలా వచ్చిందే. నాలుగేళ్లకు దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ‘స్ప్రూ’ అనే పేగు జబ్బుతో సోదరులను పోగొట్టుకున్న మనిషాయన. ఆ జబ్బుకు తర్వాత ఫోలిక్ ఆమ్లమే మందయింది. నేడు గర్భిణులకు డాక్టర్లు ఇస్తున్న మాత్రా అదే. ఆకు తింటే ఆహారం. అందులోని పదార్థాన్ని వేరుచేసి, ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చాకే మందు. ఈ తేడా మరిచిపోతేనే ప్రమాదం.

కామెర్లు - పసరు

ఎండాకాలంలో నీళ్లు కలుషితమైనచోట కామెర్లు వస్తాయి. వెంటనే ఎవరో ఒకరు పసరు పోసే ఊరి పేరు చెబుతారు. కామెర్లు నిజానికి జబ్బు పేరు కాదు, లక్షణం. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ లాంటివి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, హెపటైటిస్-బి ముదిరినా కళ్లు పచ్చబడతాయి. అక్కడ పసరు కోసం తిరిగిన ప్రతి రోజూ నష్టమే. హెపటైటిస్-ఇ గర్భిణుల ప్రాణం మీదికే తెస్తుంది. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా, పొట్ట ఉబ్బినా, రక్తం పడినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో పసరు పిండించుకుంటే చూపే పోవచ్చు. ‘వేపే కదా’ అని పసిపిల్లలకు వేపనూనె తాగించినా వాంతులు, ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు.

కోసే ముందు

* పెద్దవాళ్లు చూపించి, పేరు చెప్పిన మొక్కనే కోయాలి. గంగవాయిలి కాడ తుంచితే పాలు రావు. నేల మీద అలాగే పాకుతూ, తుంచితే పాలు కారే మొక్కలున్నాయి. వాటిని వదిలేయాలి.

* కలుపుమందు కొట్టిన చేలో, మురుగుకాల్వ పక్కన, రద్దీ రోడ్డు అంచున మొలిచిన కూర వద్దు.

* గంగవాయిలిలో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దూరంగా ఉండటం మేలు. మిగతావాళ్లు ఉడికించి నీరు వంపి, పెరుగు కలిపి వండుకోవచ్చు.

* రక్తం పలచబడే మందులు, షుగరు మాత్రలు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా ఎక్కువ తినడం మొదలుపెట్టే ముందు డాక్టరుతో చెప్పాలి.

* ఒక్క చోటే మొత్తం పీకేయకూడదు. వేరు వదిలి చిగురు తుంచితే మళ్లీ వస్తుంది.

ఈ జాగ్రత్తలన్నీ కూర మానేయమని చెప్పడానికి కాదు. భయంతో మానేసినా, గుడ్డిగా నమ్మినా పోయేది ఆ మొక్కను గుర్తుపట్టే చూపే. అది చాలా ఇళ్లలో అమ్మమ్మ, నానమ్మల దగ్గరే ఆగిపోయింది. పిల్లలకు ఎండాకాలం సెలవులు వచ్చేవీ ఈ రోజుల్లోనే. ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్లతో కలిసి గట్టు మీద నడిపించి, పది మొక్కల పేర్లు చెప్పించి, రెండింటిని వండించి తినిపిస్తే చాలు. ఏది కూరో, ఏది కాదో తెలిసిన పిల్లలు పెద్దయ్యాక పసరుకు మోసపోరు. కూరను కలుపనీ అనుకోరు.