తోట ఇల్లు చెప్పే కొలువు కథ

మస్కట్ పాత ఊళ్లో, సుల్తాను గారి అల్ ఆలం ప్యాలెస్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బైత్ అల్ బాగ్ ఉంది. బైత్ అంటే ఇల్లు. బాగ్ అంటే తోట అని హైదరాబాద్‌లో బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1914లో షేక్ అలీ బిన్ జుమా కట్టించిన ఇల్లది. ఆయన కొడుకు షేక్ జుబేర్ బిన్ అలీ ముగ్గురు సుల్తానుల దగ్గర మంత్రిగా, సలహాదారుగా పనిచేశారు. 1998 నుంచి ఆ ఇల్లు బైత్ అల్ జుబేర్ మ్యూజియంగా జనానికి తెరిచి ఉంది.

దీన్ని నిలబెట్టింది ప్రభుత్వం కాదు, ఆ కుటుంబమే. వాళ్లకంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1970కి ముందటి ఒమన్‌ను గుర్తు చేసుకోవాలి. దేశం మొత్తం మీద తారురోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదు. రాత్రి మస్కట్ కోటగోడ తలుపులు మూసేవారు, ఆ తర్వాత వీధిలోకి రావాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. 1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక చమురు డబ్బుతో రోడ్లు, బడులు, ఆస్పత్రులు వచ్చాయి. రావలసినవే. కానీ తాత బతికిన తీరు మనవడికి కథగా కూడా అందకుండా పోయే వేగమది.

అందుకే ఈ మ్యూజియంలో మంత్రిగారి కుర్చీ కన్నా నగలు, బట్టలు, తుపాకులు, ఖంజర్ అనే బాకులే ఎక్కువ కనిపిస్తాయి. ఖంజర్ దగ్గర కాసేపు ఆగాలి. వెండి తీగ పనితో మెరిసే ఒర కొక్కెంలా వంగి ఉంటుంది, లోపలి కత్తికి మాత్రం అంత వంపుండదు. ఒమన్ రాజచిహ్నంలో ఉన్నదీ ఇదే. ఆవరణలో ఖర్జూరపు మట్టలతో అల్లిన బరస్తీ గుడిసె ఉంది. చూస్తే మన తాటాకు పాకే.

మన దగ్గరా ఇల్లు మ్యూజియమైన సందర్భాలున్నాయి. ఢిల్లీలో నెహ్రూ 1964లో కన్నుమూశాక ఆయన నివసించిన తీన్‌మూర్తి భవనం మ్యూజియమైంది. 2022లో ప్రధానులందరి మ్యూజియంగా మారేదాకా అక్కడ చూసింది ఒక మనిషిని, మస్కట్‌లో చూసేది ఒక కాలాన్ని. నాకు రెండోదే మేలనిపిస్తుంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు దక్కింది, సంతోషం. కానీ నాయకుల విషయంలో మన మనసు విగ్రహం మీదికే పోతుంది. విగ్రహానికి ఏడాదికి రెండు దండలు చాలు. ఇంటికైతే సున్నం వెయ్యాలి, కప్పు కారకుండా చూడాలి, తలుపు తీసేందుకు రోజూ ఒక మనిషి ఉండాలి.

అలాంటి నాయకుడి పాత ఇల్లు మన ఊళ్లో ఉంటే మొదట వెళ్లాల్సింది కాంట్రాక్టరు దగ్గరికి కాదు, ఆ ఇంటి ముసలివాళ్ల దగ్గరికి. పొయ్యి ఏ మూలనుండేది, గాదె ఎక్కడ, అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు ఏ అరుగు మీద కూర్చునేవాళ్లు అని అడగాలి. చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు.