దారికి ఇవ్వవలసిన హక్కు

కొన్ని నెలల క్రితం ఒక సాయంత్రం మేము హైదరాబాదు నుండి విజయవాడ వైపు కారులో తిరిగి వస్తున్నాము. నగరంలో జరిగిన ఖుర్ఆన్ పఠన పోటీలో పాల్గొన్న మా మద్రసా విద్యార్థులు ఇద్దరు వెనుక సీటులో ఉన్నారు. కారు నడుపుతున్నది మద్రసా శ్రేయోభిలాషి అయిన ఒక వ్యాపారి సోదరుడు. నమాజు తప్పనివారు, దానధర్మాలలో ముందుండేవారు. పిల్లలను బస్సులో ఎందుకు, నేనే తీసుకువెళ్ళి తీసుకువస్తానని ఆయనే ముందుకు వచ్చారు. కోదాడలో ఇషా జమాఅతు అందుకోవాలని ఆయన తొందర.

సూర్యాపేట దాటిన తర్వాత మా ముందు రెండు లారీలు పక్కపక్కనే సాగుతూ దారిని పూర్తిగా మూసివేశాయి. ఒకటి మరొకదానిని దాటే ప్రయత్నంలో ఉన్నది గాని, అది దాటుతున్నట్లు మా కంటికి కనిపించడమే లేదు. ఆ సోదరుడు హారను మోగించారు, డిప్పర్ కొట్టారు, కారును లారీ వెనుక చక్రాలకు ఆనించినంత దగ్గరగా నడిపారు. చివరకు దారి దొరికి పక్కనుండి దాటిపోతూ, అద్దం దించి ఆ డ్రైవరును ఒక పశువుతో పోల్చి గట్టిగా తిట్టారు. అద్దం ఎత్తుకున్నాక కూడా కోపం తగ్గలేదు. “ఇలాంటివాళ్ళు ఇంటికి పోయి పిల్లలకు ఏం నేర్పుతారో!” అన్నారు.

వెనుక కూర్చున్న ఇద్దరిలో చిన్నవాడి తండ్రి లారీ డ్రైవరు. ఆ సంగతి ఆయనకు తెలియదు, మాకు తెలుసు. వెనుకకు తిరిగి చూశాము. అంతవరకు ఎదురయ్యే ప్రతి లారీ ఏ రాష్ట్రానిదో నంబరు చూసి చెబుతూ ఉత్సాహంగా ఉన్న పిల్లవాడు, తల దించుకొని ఒడిలోని సంచిని సవరించుకుంటున్నాడు. మేము ఏమీ అనలేదు. ఎక్కిన కారు ఆయనది. మద్రసాకు ఆయన చేసే సహాయం పెద్దది. ఆ రెండూ మా నోటికి తాళం వేశాయి.

ఇషా జమాఅతు దొరికింది. నమాజులో నిలబడ్డాము గాని, మనసు ఆ వెనుక సీటు దగ్గరే ఉండిపోయింది.

కొద్దిరోజుల తర్వాత ధైర్యం చేసి ఆ సోదరునికి విషయం చెప్పాము. ఆయన ముఖం వాడిపోయింది. చాలాసేపటికి, “అప్పుడే ఎందుకు చెప్పలేదు మౌలానా?” అని ఒక్క మాట అడిగారు. ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దారులలో కూర్చోవద్దని ఒకసారి సహచరులను వారించారు. కూర్చోక తప్పదని వారు విన్నవించుకోగా, అలాగైతే దారికి దాని హక్కు ఇవ్వమని ఆదేశించారు. చూపును అదుపులో ఉంచుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబు చెప్పడం, మంచిని ఆదేశించడం, చెడును వారించడం ఆ హక్కులని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు ద్వారా తెలుస్తున్నది. ఈ హదీసును మేము ఎన్ని ఏళ్ళుగా పాఠం చెబుతున్నామో లెక్కలేదు. కాని కారులో పక్క సీటున కూర్చున్నవాడు కూడా దారి మీద కూర్చున్నవాడేనని ఆ రోజు వరకు మాకు తోచలేదు. బాధ కలిగించడం ఆయన వల్ల జరిగితే, వారించకపోవడం మా వల్ల జరిగింది. దారి హక్కును ఇద్దరమూ కాజేశాము.

ఇంతలో బక్రీద్ సెలవులు వచ్చాయి. పిల్లవాడిని తీసుకువెళ్ళడానికి తండ్రి వచ్చాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టి, రెండు లారీలు అలా దారి మూసివేసి ఎందుకు నడుస్తాయని అడిగాము. ఆయన నవ్వాడు.

“హజరత్, ముందు పోయే బండి డెబ్బైలో పోతుంటది. నాది డెబ్బై ఐదు. దాటుదామని కుడివైపు వస్తాను. పక్కకు వచ్చాక చిన్న ఎత్తు తగిలితే నా బండి కూడా డెబ్బైకి పడిపోతుంది. అప్పుడు ముందుకూ పోలేను, వెనక్కీ తగ్గలేను. తగ్గితే మళ్ళీ గేరు మార్చి ఆ వేగం అందుకోవడానికి బోలెడు డీజిలు. డీజిలు లెక్క ఓనరు ముందే కట్టి ఇస్తాడు. ఎక్కువైతే నా బత్తాలో కోత.”

ఆయన వెళ్ళాక మేము కాగితం మీద లెక్క వేసి చూశాము. సరకు వాహనాలు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా వేగ నియంత్రణ పరికరం ఉండాలన్నది నిబంధన. కార్లకు నాలుగు వరుసల జాతీయ రహదారిపై 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం 100. డెబ్బైలో పోయే లారీని డెబ్బై ఐదులో పోయే లారీ భద్రంగా దాటాలంటే సుమారు 60 మీటర్లు అదనంగా ముందుకు సాగాలనుకుందాం. దానికి 43 సెకన్లు పడుతుంది. ఆ వెనుక చిక్కుకున్న కారు, తన నూరు కిలోమీటర్ల వేగంతో పోలిస్తే నష్టపోయేది దాదాపు 11 సెకన్లు. ఎత్తు మీద ఆ ఆలస్యం నాలుగింతలైనా ఒక నిమిషానికి లోపే. అంత కొద్ది సమయం కోసం ఒక విశ్వాసి ఒక మనిషిని పశువు అన్నాడు, ఒక పిల్లవాడి తల దించాడు.

ఆ తండ్రి మరికొన్ని విషయాలు చెప్పాడు. పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల వరకు ఉండవచ్చు. దాని ముందు కారు టన్ను, టన్నున్నర. లోడు బండి బ్రేకు వేసిన చోట ఆగదు కనుక డ్రైవరు ముందు కొంత ఖాళీ ఉంచుకుంటాడు. ఆ ఖాళీని చూసి కారు వచ్చి అందులో దూరుతుంది. హోటలు కనిపించగానే అడ్డంగా కట్ కొట్టి బ్రేకు వేస్తుంది. “వాళ్ళ ప్రాణం నా కాలి కింద ఉందని వాళ్ళకు తెలియదు హజరత్. నాకు తెలుసు. అందుకే నాకే ఎక్కువ భయం” అన్నాడు. ఎడమవైపు, సరిగ్గా ఇంజను ముందు, బండి వెనుక కొంత మేర క్యాబిన్లో ఉన్నవాడికి కనిపించదు. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనిపించకపోతే, మనం కూడా అతనికి కనిపించడం లేదని అర్థం చేసుకోవాలి.

నిద్ర సంగతి అడిగాము. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు ఎనిమిది గంటల పనినే అనుమతించేది. ఆ మాట వినగానే ఆయన మళ్ళీ నవ్వాడు గాని, ఏమీ అనలేదు. వేసవిలో ఇంజను పక్కన కూర్చొని నడిపేవారి క్యాబిన్లకు ఏసీ ఉండాలన్న నిబంధన కూడా 2025 అక్టోబరు నుండి తయారయ్యే బండ్లకే వర్తిస్తుంది. ఆయన నడిపేది అంతకంటే చాలా పాతది.

అయితే న్యాయం రెండువైపులా పలకాలి. రాత్రివేళ రోడ్డు అంచున దీపం గాని, రిఫ్లెక్టరు గాని లేకుండా నిలిపిన లారీ ఎన్ని కుటుంబాలను కబళించిందో ఈ దారుల పక్కన ఉండేవారికి తెలుసు. ప్రయాణంలో రాత్రి విడిది చేసేటప్పుడు దారి మీద కాక దారికి దూరంగా దిగమని ప్రవక్త (స) బోధించినట్లు ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఒంటెల కాలంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, లోడు లారీకి ఎంత ఉండాలి? లారీ నడిపే సోదరులు ఆలోచించాలి. ఎడమవైపు వరుస ఖాళీగా ఉన్నా కుడివైపు వరుసను వదలకపోవడం, సూచన ఇవ్వకుండా పక్కకు రావడం, నిద్ర ఆపుకోవడానికి మత్తును ఆశ్రయించడం, ఇవన్నీ ఇతరుల ప్రాణాలతో చేసే అన్యాయాలే. ఆ తండ్రి ఇది కాదనలేదు. “మాలో అలాంటివాళ్ళు ఉన్నారు. నేనూ ఒకటి రెండుసార్లు చేశాను. అల్లాహ్ కాపాడాడు” అని నేల చూశాడు.

మేము కబురు పంపగా, సాయంత్రానికి కారు సోదరుడు కూడా మద్రసాకు వచ్చారు. వరండాలో చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన జరిగినది దాచకుండా చెప్పి, “భాయ్, నన్ను మాఫ్ చేయండి” అన్నారు.

ఆ తండ్రి కొంతసేపు ఆలోచించి, “నేనెట్లా మాఫ్ చేస్తాను భాయ్? మీరు తిట్టింది నన్ను కాదు కదా. అతనెవరో! ఆ మాఫీ అతనే ఇవ్వాలి. బాధపడింది నా కొడుకు. వాడిని అడగండి” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్లుగా చెప్పాడు. సీరా చదివినవాడు కాదు, ఫిఖ్ చదివినవాడు కాదు. కాని ధర్మశాస్త్రం లోని ఒక పెద్ద సూత్రాన్ని మా ఎదుట చాప మీద పరిచాడు.

ఆ సోదరుడు పిల్లవాడిని పిలిచి క్షమాపణ కోరారు. ఆయన తర్వాత మేము కూడా కోరాము. పిల్లవాడు సిగ్గుపడి తండ్రి వెనుకకు చేరాడు. తర్వాత తల ఊపాడు. ఆ లెక్క అక్కడితో తీరిందని ఆశిస్తున్నాము. కాని సూర్యాపేట దగ్గర ఆ లారీ నడిపిన మనిషి లెక్క? అతని పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆ రాత్రి ఏ రాష్ట్రం దాటి వెళ్ళిపోయాడో తెలియదు.

పాఠక సోదర సోదరీమణులారా! అల్లాహ్ కు మనం బాకీపడిన హక్కులను ఆయన తన కారుణ్యంతో క్షమించవచ్చు. దాసుల హక్కులు, అంటే హఖూఖుల్ ఇబాద్ విషయంలో, హక్కు కోల్పోయిన మనిషిని ఒప్పించుకోవలసి ఉంటుంది. పొరుగువాడిని తిడితే మరునాడు తలుపు తట్టవచ్చు. బంధువును నొప్పిస్తే పెళ్ళిలోనో జనాజాలోనో కలిసి చేయి పట్టుకోవచ్చు. రహదారి మీద తిట్టిన మనిషి ఇక మనకు ఎదురుపడడు, తీర్పుదినాన తప్ప. తీర్పుదినాన దివాళా తీసినవాడు ఎవరో ప్రవక్త (స) వివరించారు. నమాజులు, ఉపవాసాలు, జకాతు వెంటబెట్టుకొని వచ్చి, ఒకరిని తిట్టినందుకు, మరొకరిపై నింద వేసినందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి, ఖాళీ చేతులతో మిగిలేవాడే అతడు. మనం నూరు కిలోమీటర్ల వేగంతో సంపాదించుకుంటున్నది ఆ బాకీయే కాదు గదా?

నమాజు కోసమే కదా తొందరపడ్డారని ఎవరైనా అనవచ్చు. ఇఖామతు వినబడినా పరుగెత్తుకుంటూ రావద్దు, ప్రశాంతంగా నడిచి రమ్మన్నది ప్రవక్త (స) బోధ. హజ్ సందర్భంలో అరఫాతు నుండి మరలుతూ, తమ వెనుక జనం ఒంటెలను కొడుతూ అరుస్తూ తోలుతున్న సందడి విని, కొరడాతో సైగచేసి, నెమ్మది వహించమన్నారు, పుణ్యం త్వరపడటంలో లేదన్నారు. ఆయన తమ ఒంటె కళ్ళెం బిగించి నడిపారు. ఖాళీ స్థలం దొరికినప్పుడు మాత్రం వేగం పెంచారు. రద్దీలో నెమ్మది, ఖాళీలో వేగం. జాతీయ రహదారికి ఇంతకంటే మంచి నియమం మాకు తెలియదు. అలాగే వాహనంపై ఉన్నవాడు నడిచేవానికి ముందుగా సలాం చేయాలని కూడా ఆయన నేర్పారు. ఎత్తున ఉన్నవాడే మొదట శాంతిని ప్రకటించాలి. లారీ ముందు కారు, కారు ముందు స్కూటరు, స్కూటరు ముందు పాదచారి. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో ఆ క్రమంలోనే తెలుస్తున్నది.

ఇక ఆచరణ. దూరప్రయాణానికి అరగంట ముందుగా బయలుదేరండి. కోపానికి మూలం చాలావరకు ఆలస్యమే. ప్రయాణపు దుఆను ఇంజను మొదలుపెట్టే ముందు పిల్లల చేత పైకి చదివించండి. ఈ వాహనాన్ని వశపరచినది మన శక్తి కాదని, చివరకు మన ప్రభువు వద్దకే మరలిపోతామని అందులో ఒప్పుకుంటాము. ఒప్పుకున్న నాలుకతోనే తిట్టడం కష్టం. పక్క సీటులో ఉన్నవారు మాలాగా మౌనంగా ఉండవద్దు. భార్య అయినా, బిడ్డ అయినా, మౌలానా అయినా మృదువుగా ఒక మాట చెప్పాలి. ప్రమాదం కనిపిస్తే ఆగండి. 108కు గాని, జాతీయ రహదారి సహాయ సంఖ్య 1033కు గాని ఫోను చేయండి. ప్రమాద బాధితునికి సదుద్దేశంతో సహాయపడినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. తప్పు ఎవరిదో తేలకముందే పెద్ద బండి నడిపేవాడిని కొట్టే గుంపులో మన చేయి ఉండకూడదు. దాబా దగ్గర ఆగినప్పుడు పక్క మంచం మీద ఉన్న లారీ డ్రైవరును పలకరించండి. మనం దారిలో చూసేది లారీని మాత్రమే. అక్కడ మనిషి కనిపిస్తాడు.

మరి ఇప్పటికే తిట్టేసి, ఇక కనుగొనలేని వారి సంగతి? అటువంటి వారి కొరకు మన్నింపు కోరుతూ దుఆ చేయాలని, వారి పేర సదఖా ఇవ్వాలని ధర్మవేత్తలు చెబుతారు. ఆ కారు సోదరుడు ఇప్పుడు అదే చేస్తున్నారు. ఆ రాత్రి సూర్యాపేట దాటి వెళ్ళిన ఆ అపరిచితుని కోసం మేము కూడా దుఆ చేస్తున్నాము.

దారిలో ఉన్న వారందరినీ, వారి కోసం ఎదురుచూసే ఇళ్ళను అల్లాహ్ కాపాడుగాక! మన నాలుకల నుండి బాటసారులను కాపాడుగాక! ఆమీన్.