విచారణ లేని శిక్ష

1974 మే సమ్మెలో ఎందరో రైల్వే కార్మికులను 14(2) నిబంధన క్రింద, విచారణ ఆచరణసాధ్యం కాదన్న ఒక్క మాటతో తొలగించారు. ఆ నిబంధన నేటికీ ఉన్నది; తపాలా ఉద్యోగుల నెత్తిన 19(2) ఉన్నది. రాజ్యాంగం 311వ అధికరణం ఒక చేత ఇచ్చిన రక్షణను అందులోని మినహాయింపే మరొక చేత లాగుకొన్నది. హంతకునికైనా వాదించుకొనే అవకాశమున్న దేశంలో గ్యాంగ్‌మన్‌కు, పోస్టుమాన్‌కు అది లేకపోవడం ఏమి న్యాయం?

1985 జూలై 11న తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది. కాని హద్దులూ గీసింది. విచారణ ఎందుకు సాధ్యం కాదో అధికారి వ్రాతపూర్వకంగా నమోదు చేయకుంటే శిక్ష చెల్లదు. పరిస్థితి చక్కబడితే అప్పీలులో విచారణ కోరవచ్చును.

సోదర సోదరీమణులారా! అప్పీలు గడువు 45 రోజులే. ఉత్తర్వు అందిన నాడే శాఖా కార్యదర్శిని కలవండి. మనం కోరేది దయాభిక్ష కాదు, విచారణ. ఆ మినహాయింపు తొలగే వరకు పోరాటం సాగవలసిందే.